బంతికో లెక్క

మైదానంలో ఆడే ఆటను కంప్యూటర్ లోపల మళ్లీ ఆడించే ప్రోగ్రాములను స్పోర్ట్స్ సిమ్యులేషన్ గేమ్స్ అంటారు. వీటిలో రెండు తెగలున్నాయి. మొదటి తెగలో చేతివాటం ముఖ్యం. బంతి దూసుకొస్తుంటే సరైన క్షణంలో మీట నొక్కాలి. రెండో తెగలో చేతివేగంతో పని లేదు. జట్టును ఎంచుకోవడం, బౌలర్‌ను మార్చడం, ఎప్పుడు బాదాలో ఎప్పుడు నిలదొక్కుకోవాలో తేల్చుకోవడం ఆడేవారి వంతు. ఫలితాన్ని కంప్యూటర్ లెక్కగట్టి చెబుతుంది. 1980లలో ఇళ్లలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లు ఈ రెండు తెగలనూ మామూలు జనానికి చేరువ చేశాయి.

హైదరాబాద్‌కు ఈ ఆటలు ఆలస్యంగా, వేరే దారిలో వచ్చాయి. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పిల్లలు ముందు కంప్యూటర్‌లో ఆటలాడి, ఆ ఇష్టంతో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. ఇక్కడ చాలామంది ముందు ఉద్యోగం కోసం అమీర్‌పేటలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు, ఆ పనిలోనే ఆటలు పట్టుబడ్డాయి. ఈ తేడాను గమనిస్తే, సిమ్యులేషన్ లోపల ఏం జరుగుతుందో అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల సీ లాంగ్వేజ్ నేర్చుకున్నవారికి బాగా తెలిసే అవకాశం ఎందుకు దక్కిందో అర్థమవుతుంది.

పేజీ నంబర్లతో క్రికెట్

కంప్యూటర్ ముఖం చూడకముందే తెలుగు పిల్లలకు రెండో తెగ ఆట తెలుసు. అదే బుక్ క్రికెట్. పాఠ్యపుస్తకాన్ని చూడకుండా తెరిచి, ఎడమవైపు పేజీ నంబరులో చివరి అంకె చూస్తారు. 2 వస్తే రెండు పరుగులు, 4 వస్తే ఫోర్, 6 వస్తే సిక్స్, సున్నా వస్తే ఔట్. 8 విషయంలో బడికో నియమం. కొన్నిచోట్ల దానికి ఒక పరుగు, కొన్నిచోట్ల ఏమీ ఉండదు.

ఈ ఆటను లెక్కలోకి దించడం తేలిక. ఎడమ పేజీలన్నీ సరిసంఖ్యలే కాబట్టి 0, 2, 4, 6, 8 తప్ప మరో అంకె రాదు. అయిదింటికీ అవకాశం దాదాపు సమానం. 8కి ఒక పరుగు అనుకుంటే, సగటున అయిదు బంతులకు ఒక వికెట్ పడుతుంది, మిగిలిన నాలుగు బంతుల్లో 13 పరుగులు వస్తాయి. అంటే ఒక్కో బ్యాటర్ సగటు 13. పది వికెట్లకు జట్టు స్కోరు సుమారు 130. ఇన్నింగ్స్ ఏ 50 బంతులకో ముగుస్తుంది. స్కోరు నమ్మేలాగే ఉంటుంది, ఆట సాగిన తీరు మాత్రం క్రికెట్‌లా ఉండదు.

పుస్తకానికి ఆటగాళ్ల మధ్య తేడా తెలియదన్నది అంతకంటే పెద్ద లోపం. గావస్కర్ పేరు మీద తెరిచినా చంద్రశేఖర్ పేరు మీద తెరిచినా సగటు 13 దగ్గరే ఉంటుంది. భాగవత్ చంద్రశేఖర్ టెస్టుల్లో 242 వికెట్లు తీశాడు, చేసిన పరుగులు మాత్రం 167. అలాంటి బౌలర్‌కూ ఓపెనర్‌కూ ఒకే సగటు ఇచ్చే ఆటకు ఉత్కంఠ ఉంటుందే తప్ప నిజం ఉండదు. ఆటగాడికో లెక్క చొప్పున రాసుకున్నప్పుడే అది సిమ్యులేషన్ అవుతుంది. అమెరికాలో 1951లో వచ్చిన ఏపీబీఏ, 1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ అనే బల్లమీద ఆటలు బేస్‌బాల్‌కు ఈ పనే చేశాయి. వాటిలో ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటుంది. పాచికలు వేసి, పడిన అంకెకు ఆ కార్డు మీద ఏముందో చూస్తారు. గొప్ప బ్యాటర్ కార్డులో మంచి ఫలితాలు ఎక్కువ గళ్లలో ఉంటాయి.

కంప్యూటర్ చేసిందల్లా ఆ పాచికలనూ కార్డులనూ తన లోపలికి తీసుకోవడమే. అమెరికాలోని ఐబీఎం ఉద్యోగి జాన్ బర్జసన్ 1961 ప్రాంతంలో ఐబీఎం 1620 యంత్రం మీద బేస్‌బాల్ ప్రోగ్రాము రాశాడు. అదే మోడల్ యంత్రం 1963లో ఐఐటీ కాన్పూర్‌కు వచ్చి దేశంలో ఒక తరానికి ప్రోగ్రామింగ్ నేర్పింది. మొదటి తెగకు మూలం ఇంకాస్త ముందుంది. విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1958లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలను చూడవచ్చే జనం కోసం ఆసిలోస్కోప్ తెరపై ఇద్దరు ఆడే టెన్నిస్ తయారుచేశాడు. ఇవన్నీ ప్రయోగశాలల్లో, ఆఫీసుల్లో జరిగినవి. ఇంటికి రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

48 కేబీలో ఫుట్‌బాల్ లీగ్

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ విడుదలైంది. అదే ఏడాది అమెరికాలో కమడోర్ 64 వచ్చింది. స్పెక్ట్రమ్‌ను ఇంట్లో ఉన్న టీవీకే తగిలించేవారు. ప్రోగ్రాములు మామూలు ఆడియో క్యాసెట్‌లో ఉండేవి. టేప్ రికార్డర్‌కు వైరు కలిపి ప్లే నొక్కితే కీచుమంటూ వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ చదువుకునేది. పెద్ద ఆట లోడ్ కావడానికి అయిదు నిమిషాలదాకా పట్టేది. మధ్యలో టేపు ఒకచోట తడబడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

దానిలో మెమరీ 48 కేబీ. అందులో 6,912 బైట్లు తెర మీది బొమ్మకే పోతాయి. మిగిలిన సుమారు 41 వేల బైట్లలో జట్లు, ఆటగాళ్లు, నియమాలు, బొమ్మలు, శబ్దాలు అన్నీ సర్దాలి. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో ఆక్రమించే చోటు దీనికి ఎన్నో రెట్లు. ఈ ఇరుకే ఆ కాలపు ఆటలకు రూపమిచ్చింది. అన్నీ పెట్టే వీలు లేనప్పుడు, ఆటలో ఏది తీసేస్తే అది ఆ ఆట కాకుండా పోతుందో రాసేవారు ముందే ఆలోచించుకోవాల్సి వచ్చింది. తొలి తరం సిమ్యులేషన్లను ఇప్పటికీ గౌరవంగా తలచుకోవడానికి కారణం అదే.

కెవిన్ టామ్స్ రాసిన ఫుట్‌బాల్ మేనేజర్ దీనికి చక్కని ఉదాహరణ. ఆయన 1982లో దాన్ని అడిక్టివ్ గేమ్స్ అనే సొంత సంస్థ పేరుతో విడుదల చేశాడు. ఆటను బేసిక్ భాషలో రాశాడు. ఆడేవారు నాలుగో డివిజన్‌లోని ఒక జట్టుకు మేనేజర్ అవుతారు. ప్రతి ఆటగాడికీ నైపుణ్యానికో అంకె, ఓపికకో అంకె ఉంటాయి. వరుసగా ఆడిస్తే ఓపిక తగ్గుతుంది, కూర్చోబెడితే పెరుగుతుంది. చేతిలో డబ్బుంటే ఆటగాళ్లను కొనవచ్చు, అమ్మవచ్చు. వారంవారం జీతాలు కట్టాలి. అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. మ్యాచ్ రోజున స్పెక్ట్రమ్ తెర మీద పుల్లల్లాంటి బొమ్మలు గోల్ ముందు కదులుతాయి. బంతి లోపలికి వెళ్లిందా లేదా అన్నది ఆ బొమ్మలు కదిలేదాకా తెలియదు. ఆడేవారి చేతిలో అప్పుడు ఏ మీటా ఉండదు. వారం పొడవునా చేసిన ఎంపికలు సరైనవో కావో చూస్తూ కూర్చోవాలి. నిజమైన మేనేజర్ కూడా గీతకు అవతల అలాగే నిలబడతాడు. ఆ నిస్సహాయతను పట్టుకోవడంలోనే టామ్స్ ప్రతిభ ఉంది. ప్రోగ్రాము బేసిక్‌లో ఉండడం వల్ల ఆసక్తి ఉన్నవారు దాన్ని ఆపి, లోపలి వరుసలు చదివి, జట్ల పేర్లు మార్చుకుని మళ్లీ ఆడేవారు. ఆడేవారు రాసేవారయ్యే దారి అక్కడ తెరుచుకుంది.

చేతివాటం తెగలో 1984 మంచి ఏడాది. ఆ సంవత్సరమే సమ్మర్ గేమ్స్, డేలీ థాంప్సన్స్ డెకాథ్లాన్, మ్యాచ్ డే వచ్చాయి. డెకాథ్లాన్‌లో పరుగెత్తాలంటే జాయ్‌స్టిక్‌ను కుడిఎడమలకు ఎడతెరిపి లేకుండా ఊపాలి. చేయి నిజంగానే అలసిపోయేది, జాయ్‌స్టిక్‌లు విరిగేవి. ఒళ్లు అలసిపోవడాన్ని కూడా ఆటలో భాగం చేసిన పద్ధతి అది.

యంత్రం ఇరుకుతో రాజీపడని సందర్భమూ ఒకటుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్, అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ జాన్ మ్యాడెన్ పేరుతో ఒక ఆట తేవాలనుకున్నాడు. అప్పటి కంప్యూటర్లలో జట్టుకు 11 మందిని కదిలించడం కష్టం కాబట్టి తక్కువ మందితో సరిపెడదామని అడిగితే మ్యాడెన్ ఒప్పుకోలేదు. 11 మంది లేకపోతే అది అసలు ఫుట్‌బాల్ కాదన్నది ఆయన పట్టు. ఏళ్ల తరబడి ఆలస్యమై ఆ ఆట 1988లో యాపిల్ 2 మీద వచ్చింది. ఏది వదలవచ్చో, ఏది వదలకూడదో తెలిసినవాడు మైదానంలో పెరిగినవాడేనని ఈ ఉదంతం చూపుతుంది.

క్రికెట్ లెక్కకు ఎందుకు లొంగుతుంది

ఫుట్‌బాల్ ఆగకుండా ప్రవహించే ఆట. క్రికెట్ బంతి బంతికీ ఆగుతుంది. ఒక బంతికీ మరో బంతికీ మధ్య కంప్యూటర్‌కు లెక్క వేసుకునే తీరిక దొరుకుతుంది. పైగా క్రికెట్ మొదటినుంచీ అంకెల్లో నమోదవుతున్న ఆట. స్కోరు పుస్తకంలో ప్రతి బంతికీ ఒక గుర్తు ఉంటుంది. బొమ్మల విషయంలోనూ ఒక వెసులుబాటు ఉండేది. స్పెక్ట్రమ్ తెర 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గళ్లుగా విభజించి ఉంటుంది. ఒక్కో గడిలో రెండు రంగులకు మించి పట్టవు. రంగురంగుల బొమ్మలు ఒకదానికొకటి తగిలితే రంగులు కలగాపులగం అయ్యేవి. పచ్చిక మీద తెల్లదుస్తుల ఆటగాళ్లకు రెండు రంగులే చాలు. టెస్ట్ క్రికెట్ ఆ తెరకు బాగానే ఒదిగింది.

1980ల మధ్యలో ఆడియోజెనిక్ సంస్థ ఇంగ్లండ్ ఓపెనర్ పేరుతో గ్రాహం గూచ్స్ టెస్ట్ క్రికెట్ తెచ్చింది. అందులో రెండు తెగలూ ఉన్నాయి. కావాలంటే స్వయంగా బ్యాటింగ్, బౌలింగ్ చేయవచ్చు, లేదంటే నిర్ణయాలు మాత్రమే తీసుకుని ఆట నడవడాన్ని చూడవచ్చు. అదే సంస్థ 1993లో అలన్ బోర్డర్ పేరుతో తెచ్చిన ఆట డాస్‌తో పనిచేసే పీసీల మీద కూడా నడిచింది.

ఇలాంటి ఆటలో ఒక బ్యాటర్‌ను కంప్యూటర్‌కు ఎలా చెప్పాలి? హైదరాబాద్ బిడ్డ మహమ్మద్ అజహరుద్దీన్‌నే తీసుకుంటే, టెస్టుల్లో ఆయన సగటు 45.03. వంద బంతులకు 50 పరుగుల వేగం అనుకుందాం. 45 పరుగులకు 90 బంతులు కావాలి. అంటే సగటున 90 బంతులకు ఒకసారి ఔట్ అవుతాడు. కంప్యూటర్ ప్రతి బంతికీ 0 నుంచి 89 దాకా ఏదో ఒక అంకె ఎంచి, సున్నా వస్తే ఔట్ అనాలి, లేకపోతే పరుగులు ఎన్నో చెప్పడానికి మరో అంకె ఎంచాలి. రెండు వరుసల ప్రోగ్రాముతో సగటు 45 ఉన్న బ్యాటర్ తయారవుతాడు.

కానీ ఆ బ్యాటర్ అజహరుద్దీన్ అవుతాడా? అవడు. అది కూడా లెక్కే చెబుతుంది. ఆయన 147 ఇన్నింగ్స్‌లలో 22 సెంచరీలు, 21 అర్ధ సెంచరీలు చేశాడు. బంతి బంతికీ ఔటయ్యే అవకాశం ఒకేలా ఉంటుందనుకుంటే, సగటు 45 ఉన్న బ్యాటర్ వంద దాటేది నూటికి 11 సార్లు. 147 ఇన్నింగ్స్‌లలో అది 16 సెంచరీలు. అజహర్ చేసినవి 22. యాభై దాటడం విషయంలో లెక్క ఎదురు తిరుగుతుంది. ప్రోగ్రాము 48 సార్లు అంటే ఆయన దాటింది 43 సార్లే. అంటే నిజమైన అజహర్ యాభై లోపు కాస్త ఎక్కువగా ఔటయ్యాడు, యాభై దాటాక మాత్రం పాతుకుపోయాడు. యాభై దాటిన ప్రతి రెండుసార్లలో ఒకసారి సెంచరీకి చేరాడు. ప్రోగ్రాములోని బ్యాటర్ మూడింటిలో ఒకసారే చేరతాడు.

అందుకే మంచి సిమ్యులేషన్ ఒక్క సగటుతో ఆగదు. క్రీజులో ఎంతసేపు ఉన్నాడన్నదాన్ని బట్టి ఔటయ్యే అవకాశాన్ని మారుస్తుంది. తొలి పది ఇరవై బంతులకు దాన్ని పెంచి, కుదురుకున్నాక తగ్గిస్తుంది. పిచ్ పాతబడితే స్పిన్నర్‌కు బలం ఇస్తుంది. కొత్త బంతిని వేరుగా, పాత బంతిని వేరుగా చూస్తుంది. క్రికెట్ చూసేవారు "సెట్ అయ్యాడు", "పిచ్ తిరుగుతోంది" అని అనే మాటలన్నీ ఇక్కడ అంకెలుగా మారతాయి. అయితే ఆఫ్ స్టంప్ అవతల పడిన బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపే అజహర్ సొగసు ఈ అంకెల్లో ఎక్కడా కనిపించదు. సిమ్యులేషన్ ఫలితాన్ని పట్టుకోగలదు. అందాన్ని చూసేవారే ఊహించుకోవాలి. 1980లలో ఈ ఆటలు ఆడినవారు తెర మీది నాలుగు చుక్కలను చూస్తూ ఆ ఊహను ఇష్టంగా చేసేవారు.

చేతివాటం ఆటలో ఇబ్బంది వేరే ఉంది. పిచ్ పొడవు 22 గజాలు, అంటే సుమారు 20 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి ఆ దూరం దాటడానికి అర సెకను పడుతుంది. సెకనుకు 50 సార్లు బొమ్మ మారే తెర మీద అది దాదాపు 25 బొమ్మల పని. అంతలో బంతి లైను, లెంగ్త్ చదివి మీట నొక్కడం ఎవరికైనా కష్టమే. నిజమైన బ్యాటర్‌కు బౌలర్ చేయి, మణికట్టు, పరుగు కనిపిస్తాయి. తెర మీది బ్యాటర్‌కు అవి కనిపించవు. అందుకని బంతి ఎక్కడ పడబోతోందో నేల మీద ఒక గుర్తు ముందే చూపడం క్రికెట్ ఆటల్లో ఆనవాయితీ అయింది.

హైదరాబాద్‌కు వచ్చిన దారి

హైదరాబాద్‌కు కంప్యూటర్లు కొత్త కాదు. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ టీడీసీ పేరుతో దేశీయ కంప్యూటర్లు తయారుచేసింది. కానీ అవి పరిశోధన సంస్థలకు, కార్యాలయాలకు వెళ్లినవి. ఇంట్లో పెట్టుకుని ఆడుకునే యంత్రం మన దగ్గర చాలాకాలం అపురూపంగానే ఉంది. 1984 నవంబరులో కేంద్రం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతి సుంకాలు తగ్గించింది. ఆ రోజుల్లోనే క్లాస్ అనే పథకం కింద దేశంలోని 250 పాఠశాలల్లో తొలి విడతగా బీబీసీ మైక్రో కంప్యూటర్లు పెట్టారు. 1980ల చివర్లో పుణెలోని డెసిబెల్స్ సంస్థ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో స్పెక్ట్రమ్ నమూనాను అమ్మింది. అయినా మధ్యతరగతి తెలుగు ఇంట్లో టీవీకి తగిలించిన మొదటి ఆట యంత్రం చాలావరకు 1990ల నాటి వీడియో గేమే, కంప్యూటర్ కాదు. సమురాయ్, మీడియా వంటి పేర్లతో వచ్చిన ఆ పెట్టెలు ఆడుకోవడానికి తప్ప రాయడానికి పనికొచ్చేవి కావు.

ఇళ్లలోకి కంప్యూటర్ నిజంగా వచ్చింది 1990ల రెండో సగంలో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చోట, విడిభాగాలు కొని బిగించుకునే అసెంబుల్డ్ పీసీలు వాటిలో ఎక్కువ. కొనడానికి కారణం చదువు, వాడకంలో సగం ఆట. బ్రిటన్‌లో 1982లో స్పెక్ట్రమ్ అమ్మకాలకూ చదువునే కారణంగా చెప్పారు, అక్కడా జరిగింది ఇదే.

మైత్రీవనం ల్యాబుల్లో

మైత్రీవనం నిజానికి అమీర్‌పేటలో అప్పటి హుడా కట్టిన వాణిజ్య సముదాయం పేరు. పంజాగుట్ట నుంచి ఎస్సార్ నగర్ వెళ్లే దారిలో ఉన్న ఆ కూడలికంతటికీ ఇప్పుడదే పేరు. పక్కనే ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకులు, కాస్త అవతల ఒకప్పుడు సత్యం థియేటర్ ఉన్న చోటు, చుట్టూ హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, మెస్‌లు. 1990లలో ఇక్కడ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు పెరిగాయి. 2000 సంవత్సరం దగ్గరపడుతుండగా తేదీల సమస్యను సరిచేసే పని అమెరికాలో పెరిగినప్పుడు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు జనం ఎగబడ్డారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. కోస్తా నుంచీ రాయలసీమ నుంచీ తెలంగాణ జిల్లాల నుంచీ వచ్చిన పిల్లలకు ఇక్కడి తొలి మెట్టు సీ లాంగ్వేజ్. దాన్ని నేర్పే సాధనం చాలాకాలం పాటు బోర్లాండ్ వారి టర్బో సీ. నీలం తెర మీద తెల్లని, పసుపు అక్షరాలు ఆ తరానికి బాగా పరిచయం.

క్లాసులో లూపులు, అర్రేలు, ఫంక్షన్లు చెప్పాక ఏదైనా సొంతంగా రాయాలనుకున్న విద్యార్థికి క్రికెట్ చేతికందే విషయం. బుక్ క్రికెట్ నియమాలు అప్పటికే నోటికి వచ్చు. పేజీ తెరిచే బదులు రాండమ్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే సరి. ఇక్కడే మొదటి ఆశ్చర్యం ఎదురవుతుంది. ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా అదే మ్యాచ్ జరుగుతుంది. మొదటి బంతికి ఫోర్, మూడో బంతికి వికెట్, ప్రతిసారీ అదే స్కోరు. కారణం, కంప్యూటర్‌కు నిజమైన అదృష్టం తెలియకపోవడమే. ఒక అంకెను ఒక సంఖ్యతో గుణించి, ఇంకొకటి కలిపి, మరో సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్ని తర్వాతి అంకెగా చూపుతుంది. మొదలు ఒకటే అయితే వరుస మొత్తం ఒకటే. రాండమైజ్ అని ఒక్క మాట ముందు రాస్తే గడియారంలోని సమయం నుంచి మొదలు తీసుకుంటుంది, అప్పుడు ప్రతి మ్యాచ్ వేరవుతుంది. స్పెక్ట్రమ్‌లోనూ ఇదే కథ. దాని పద్ధతిలో 65,536 అంకెల తర్వాత వరుస మళ్లీ మొదటికి వస్తుంది. అక్కడ కూడా రాండమైజ్ అనే మాటే ఉండేది. అది స్విచ్ వేసినప్పటి నుంచి గడిచిన కాలాన్ని మొదలుగా తీసుకునేది.

క్రికెట్ నియమాలు చూడటానికి తేలిక, రాయడానికి తేలిక కావు. ఓవర్‌కు ఆరు బంతులు కదా అని ఆరుసార్లు తిరిగే లూప్ రాస్తే నోబాల్, వైడ్ దగ్గర తప్పుతుంది. ఆ బంతులు లెక్కలోకి రావు కాబట్టి లూప్ ఎన్నిసార్లు తిరగాలో ముందే చెప్పే వీలు లేదు. బేసి పరుగులు తీస్తే స్ట్రైక్ మారుతుంది, ఓవర్ ముగిసినా మారుతుంది. చివరి బంతికి సింగిల్ తీస్తే రెండూ కలిసి, కొట్టిన బ్యాటరే మళ్లీ ఎదురుగా నిలబడతాడు. ఈ రెండింటిలో ఒకటి మరిచిపోతే తెర మీద తప్పుడు బ్యాటర్‌కు పరుగులు చేరతాయి. సీలో అర్రే సున్నాతో మొదలవుతుంది. పదకొండు మందికి 0 నుంచి 10 దాకా గడులు. పదో వికెట్ పడ్డాక ఇన్నింగ్స్ ఆపకుండా తర్వాతి బ్యాటర్ కోసం వెతికితే ప్రోగ్రాము తనది కాని మెమరీలోకి వెళ్లి చిత్రమైన స్కోర్లు చూపుతుంది. పాయింటర్ల గురించి పాఠంలో చెప్పిన హెచ్చరికకు పదకొండో నంబరు బ్యాటర్ మంచి ఉదాహరణ.

బొమ్మలు గీయాలనుకున్నవారికి టర్బో సీలోనే గ్రాఫిక్స్ ఫంక్షన్లు ఉండేవి. వీజీఏ తెర మీద 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు, 16 రంగులు. సర్కిల్‌తో బంతి, లైన్‌తో వికెట్లు, డిలేతో కదలికలో విరామం, సౌండ్‌తో బ్యాట్ శబ్దం. వీటికి కావాల్సిన బీజీఐ ఫైలు ఎక్కడుందో సరిగా చెప్పకపోతే ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. ఆ ఫోల్డర్ దారి టర్బో సీ వాడిన చాలామందికి ఇప్పటికీ గుర్తుంటుంది. కంప్యూటర్ వేగాన్నే గడియారంగా నమ్ముకుని రాసిన డాస్ ఆటలు కొత్త యంత్రం మీద పట్టలేనంత వేగంగా పరుగెత్తేవి. 386, 486 కాలపు పెట్టెల ముందు భాగంలో టర్బో అనే బటన్ ఉండడానికి ఒక కారణం అదే. దాన్ని నొక్కి యంత్రాన్ని నెమ్మదింపజేసేవారు.

ఈ ప్రోగ్రాములు ఎంత చిన్నవైనా వాటి విలువ తక్కువ కాదు. 1982లో కెవిన్ టామ్స్‌కు ఎదురైన ప్రశ్నలే రాసినవారికి ఎదురయ్యాయి. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి, అదృష్టానికి ఎంత చోటివ్వాలి, ఆటగాడి బలానికి ఎంత ఇవ్వాలి? బ్యాంకు ఖాతా ప్రోగ్రాము రాస్తే ఈ ప్రశ్నలు రావు. అందులో అదృష్టానికి చోటు లేదు. ఆట రాసినప్పుడే అవకాశాల గణితం అనుభవంలోకి వస్తుంది.

సీడీల క్రికెట్

1990ల మధ్య నుంచి ఆటలు ఫ్లాపీలను దాటి సీడీలకు చేరాయి. ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, సీడీలో 650 ఎంబీ. ఆ చోటు దొరికాక క్రికెట్ ఆటకు వ్యాఖ్యానం వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తెచ్చిన వరుసలో రిచీ బెనో గొంతు వినిపించేది. 1998లో కోడ్‌మాస్టర్స్ నుంచి వచ్చిన బ్రయన్ లారా ఆటలో జొనాథన్ ఆగ్న్యూ, జెఫ్రీ బాయ్‌కాట్ మాట్లాడేవారు. అదే ఏడాది వచ్చిన ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్ రెండో తెగను నిలబెట్టింది. అసలు సీడీల కంటే కాపీలే ఎక్కువగా చేతులు మారాయి. కంప్యూటర్ లేనివారికి ఇంటర్నెట్ సెంటర్లు దిక్కయ్యాయి. ఒకే కీబోర్డు మీద ఇద్దరు, ఒకరు బాణాల మీటలు, మరొకరు అక్షరాల మీటలు పంచుకుని ఆడుకున్నారు.

బొమ్మలు మెరుగుపడ్డంతగా లోపలి లెక్క మెరుగుపడలేదనే చెప్పాలి. చాలా ఆటల్లో ఒక్క షాట్ పట్టుబడితే చాలు, ఏ బౌలర్ ఏ బంతి వేసినా బౌండరీ దాటించవచ్చు. అయిదు ఓవర్లలో వంద పరుగులు మామూలయ్యేవి. 41 వేల బైట్లలో ఆటగాళ్ల బలహీనతలను కూడా చూపిన పాత ఆటల ముందు ఇది వెనకడుగే.

2006 నవంబరులో వచ్చిన క్రికెట్ 07 ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వరుసలో చివరిది. హక్కులు లేకపోవడంతో అందులో భారత ఆటగాళ్ల పేర్లు అక్షరాలు మార్చి ఉండేవి. అభిమానులే పూనుకుని దీన్ని సరిచేశారు. ఆటలోని ఫైళ్లను తెరిచి అసలు పేర్లు రాశారు, ముఖాలు, జెర్సీలు, స్టేడియాలు మార్చారు. 2008లో ఐపీఎల్ మొదలయ్యాక ఆ జట్లతో ప్యాచ్‌లు వచ్చాయి. 2009లో టైటిల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ అలా 2006 నాటి ఆటలోకి చేరింది. కంపెనీ మళ్లీ పీసీ కోసం క్రికెట్ ఆట తేకపోయినా, ఏటా జట్ల జాబితాలు మారుస్తూ ఆడేవారే దాన్ని ఏళ్ల తరబడి బతికించుకున్నారు. ఫుట్‌బాల్ మేనేజర్‌ను ఆపి, లోపలి వరుసల్లో జట్ల పేర్లు మార్చుకున్న 1982 నాటి పిల్లలు చేసిన పనే ఇది.

ఆ కాలపు యంత్రాలు ఇప్పుడు దొరకడం కష్టం. క్యాసెట్‌లోని అయస్కాంత పూత కాలంతో చెడుతుంది, ఫ్లాపీల పరిస్థితీ అంతే. ఆటలు మాత్రం ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాముల ద్వారా నడుస్తున్నాయి. ఎమ్యులేటర్ ఇప్పటి కంప్యూటర్‌ను స్పెక్ట్రమ్‌లాగానో కమడోర్‌లాగానో ప్రవర్తించేలా చేస్తుంది. క్యాసెట్‌లోని శబ్దాన్ని ఫైలుగా మార్చి దానికి అందిస్తే ఆట లోడవుతుంది. డాస్ ఆటలకూ టర్బో సీకీ డాస్‌బాక్స్ ఉంది. అందులో యంత్రం వేగాన్ని తగ్గించుకునే సదుపాయం ఉండడం వల్ల పాత టర్బో బటన్ లేకున్నా ఇబ్బంది ఉండదు. పాత ఫ్లాపీలో సొంతంగా రాసుకున్న క్రికెట్ ప్రోగ్రాము మిగిలి ఉన్నవారు దాన్ని ముందుగా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. అందుకు యూఎస్‌బీతో కలిపే ఫ్లాపీ డ్రైవ్ చాలు, కానీ అవి 3.5 అంగుళాల ఫ్లాపీలనే చదువుతాయి. 5.25 అంగుళాల ఫ్లాపీలకు పాత డ్రైవ్‌నే వెతకాల్సి ఉంటుంది.